పెట్టెలో ఏముందని అడగనివాడు

అప్పీలు కోర్టులో చివరి బెంచీ మీద ఎలోయిసా ఒళ్ళంతా చెవులు చేసుకుని కూర్చుంది. ఎదురుగా ఎత్తులో ముగ్గురు జడ్జీలు. కొడుకు నజారియో మాత్రం జైల్లోనే ఉన్నాడు. ఈ కోర్టుకు మనిషితో పనిలేదట, కాగితాలుంటే చాలట. ఏం కోర్టో ఏమో!

వాడు చేసిన ఘనకార్యమల్లా ఒకటే. మేనమామ చేమా ఇచ్చిన తమాలేల పెట్టెను, అదే మొక్కజొన్న పిండి వంటకం పెట్టెను, సరిహద్దు ఊరు లరేదో నుంచి శాన్ ఆంటోనియోకి ట్రక్కులో వేసుకెళ్ళాడు. చెక్‌పోస్టు దగ్గర కుక్క పసిగట్టింది. తమాలేల అడుగున కొకెయిన్ దొరికింది. చేమా సరిహద్దు నది దాటి అవతలి దేశానికి పారిపోయాడు, పిల్లాడికి పదేళ్ళు పడ్డాయి.

నజారియో తరఫు లాయరు ప్రూయిట్ లేచింది. "తెలిసి మోస్తేనే నేరం. కింది కోర్టు జడ్జిగారు జూరీకి ఇంకో మాట కూడా చెప్పారు. అనుమానం వచ్చి కూడా కావాలని కళ్ళు మూసుకుంటే తెలిసినట్టే లెక్క అన్నారు. అసలు వాడికి అనుమానం వచ్చిందనడానికి సాక్ష్యమేదండీ? ఆ ఒక్క మాటతోనే జూరీ వాణ్ణి ముంచేసింది."

ఎలోయిసా గుండె కాస్త కుదుటపడింది. ఈ పిల్ల గట్టిదే, కొత్త విచారణ ఖాయం అనుకుంది.

నడిమి జడ్జి కళ్ళజోడు సర్దుకున్నాడు. "సాక్ష్యం లేదా? వాళ్ళమ్మ బోనులో చెప్పింది చదువుతాను, వినండి. 'మా చేమా సావాసాలు మంచివి కావని మావాడికీ తెలుసు. అయినా ఒక్క ముక్క అడగలేదు. పెద్దవాళ్ళ పెట్టెలో ఏముందని అడక్కూడదని నేనే నేర్పాను.'"

ఎలోయిసాకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ మాట తనే అంది, తలెత్తుకుని మరీ అంది. బిడ్డ బుద్ధిమంతుడని నలుగురికీ తెలియాలని అంది.

"అది మర్యాదండీ," అంది ప్రూయిట్. "ఆ ఇళ్ళల్లో మేనమామను నిలదీయరు."

"మర్యాదో, కళ్ళు మూసుకోవడమో తేల్చాల్సింది జూరీయే కదమ్మా. తేల్చేశారు."

వేసవి చివర్లో తీర్పొచ్చింది. శిక్షలో ఒక్క రోజు కూడా తగ్గలేదు.

ఎలోయిసా జైలుకెళ్ళింది. బల్లకు అటువైపు కూర్చుని నజారియో, తిన్నావా అమ్మా, బస్సులో సీటు దొరికిందా అన్నాడు. తీర్పు ఊసే ఎత్తలేదు. ఆమెకు తన పెంపకం మీద తనకే ఒళ్ళు మండింది.

"ఎందుకు ఓడిపోయామో అడగవేంరా? నా వల్లేరా. నా నోటి దూల వల్లే. అడుగు, తిట్టు."

వాడు తల వంచుకున్నాడు. మెల్లగా అన్నాడు.

"పెట్టెలో ఏముందో నాకు తెలుసా అని నువ్వూ నన్ను అడగలేదుగా అమ్మా."

ఎలోయిసా కొడుకు ముఖంలోకి చూసింది. అడగాలని నోరు తెరిచింది. భయమేసింది. జైలు కూడు సరిగ్గా పెడుతున్నారా అని అడిగింది.