కాలిగోటి గడువు

బూట్లు ఇచ్చారు గానీ గ్లవుజులు ఇవ్వలేదు. మా గొడవంతా అక్కడే పుట్టింది.

మాది నూలుకు రంగులు వేసే మిల్లు. పెద్ద పెద్ద తొట్లలో గోరువెచ్చటి రంగునీళ్లుంటాయి. వాటిలో నూలు చిలపలు, అంటే నూలు చుట్టలు, ముంచి, తిప్పి, పిండి, దండేల మీద ఆరేయాలి. ముప్ఫై నలుగురం ఆడవాళ్లం. ఒకప్పుడు అందరం ఉత్తికాళ్లతోనే తిరిగేవాళ్లం. ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్దాఫీసరు తడినేల మీద జారిపడి, నడుం పట్టేసి, నలుగురు మోస్తే గానీ కారెక్కలేకపోయాడు. వారం తిరక్కుండా మా అందరికీ మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు వచ్చేశాయి.

"మరి చేతులకో?" అని అడిగాను.

"చేతికి తొడుగుంటే నూలు జారిపోతుంది, పని సాగదు" అన్నాడు మా మేస్త్రీ.

ఆ ఆఫీసరు జారి చేతులు తొట్లో పెట్టి ఉంటే మా రాత మరోలా ఉండేది. ఏం చేస్తాం! పాదాలేమో తళతళలాడుతుంటాయి, చేతులు మాత్రం ఏ రోజు రంగు ఆ రోజే.

ఓటు వేసినవాళ్ల ఎడమచేతి చూపుడువేలికి ఊదా సిరా పూస్తారు కదా. పోయిన ఎన్నికలకు సరిగ్గా ముందురోజు మా మిల్లుకు ఊదారంగు పని వచ్చిపడింది, అదీ అర్జంటుగా. మర్నాడు లైన్లో గంటన్నర నిలబడి లోపలికెళ్తే, సోడాబుడ్డి కళ్లద్దాల ఆఫీసరు నా చేతులు చూసి, "ఒకసారి వేస్తే చాలదామ్మా? మళ్లీ వచ్చావా? సిగ్గుండాలి" అన్నాడు. జాబితా తిరగేసి చూసే ఓపిక కూడా లేదు మహానుభావుడికి. పదిమందిలో అలా అనేసరికి నాకు నోట మాట రాలేదు. నా జన్మలో నోట మాట రాకపోవడం అదొక్కసారే, కావాలంటే మా ఆయన్ని అడగండి. ముప్ఫై నలుగురినీ అలాగే వెనక్కి పంపించారు. మా వార్డు కౌన్సిలరు పంతొమ్మిది ఓట్లతో గెలిచాడు. ఆయన మా మిల్లు యజమానికి స్వయానా బావమరిది అని మీకు చెప్పలేదు కదూ?

ఆ కౌన్సిలరు బాబుని మా వీధిలో అందరూ సాష్టాంగం అంటారు. ఎన్నికలొస్తే చాలు, ఇంటింటికీ వచ్చి వయసైనవాళ్ల కాళ్ల మీద పడిపోతాడు. ఫొటో తీసేదాకా లేవడు. గెలిచాక మన కాళ్లరిగేలా తిరిగినా దొరకడు. మా వీధి మురుగుకాలువకు మూడుసార్లు శంకుస్థాపన చేశాడు. మూడు శిలాఫలకాలూ నిక్షేపంలా ఉన్నాయి, కాలువే లేదు. మిల్లు నీళ్లన్నీ తిన్నగా మా గుమ్మాల ముందుకే వస్తాయి. ఇవాళ ఏ రంగు వేస్తున్నారో మంచం దిగకుండా చెప్పేయొచ్చు. కాలువ డబ్బులు తిన్నాడు, ఎలాగోలా అరిగించుకున్నాడు. నా ఓటు కూడా మింగేస్తానంటే ఎలా ఊరుకుంటాను? నా పేరు మీద ఇల్లు లేదు, పొలం లేదు. ఉన్నదల్లా అదొక్కటే.

అందుకే ఈసారి ఎన్నికలకు ఆరునెలల ముందునుంచే నడుం కట్టాను. చర్మానికి అంటిన రంగు పదిరోజుల్లో పోతుంది. గోటికి పట్టిన రంగు మాత్రం గోరు ఎదిగి ఊడేదాకా పోదు. కాబట్టి ఎడమ చూపుడువేలికి సెలవిచ్చేశాను. గుడ్డ చుట్టి, పైన పాలకవరు ముక్క కట్టి, ఆ చెయ్యి వీపు వెనక్కి పెట్టుకుని, ఒంటిచేత్తో చిలపలు తిప్పాను. కుడి భుజం పడిపోయిందనుకోండి. మేస్త్రీ సణుగుడు చెవిన వేసుకోలేదు.

"ఆ వేలిని పసిబిడ్డలా సాకుతున్నావే! అందులో సగం నన్ను చూసుకున్నా ఈపాటికి లావెక్కేవాణ్ణి" అనేవాడు మా ఆయన.

"మిమ్మల్ని చూసుకుంటే కాలువ వస్తుందా?" అనేదాన్ని.

ఆరునెలలకు గోరు తెల్లగా బయటపడింది. ముప్ఫై ఏళ్ల తర్వాత నా వేలిని నేనే మొదటిసారి చూసుకున్నాను. మిల్లులో ఆడవాళ్లంతా మధ్యాహ్నం అన్నాలు తినే వేళ వచ్చి, ఒక్కొక్కరూ పట్టుకుని చూసి వెళ్లారు. నాకు గర్వంగా ఉంది, దాచడమెందుకు.

ఎన్నికలకు వారం ఉందనగా సాష్టాంగం మా ఇంటికి రానే వచ్చాడు. గుమ్మంలోనే బోర్లాపడి నా కుడికాలి బొటనవేలు గట్టిగా పట్టేసుకున్నాడు. "అమ్మా, నన్ను నీ కడుపున పుట్టినవాణ్ణనుకో!"

"లే నాయనా, చొక్కా తడిసిపోతుంది. అవి నీ కాలువ నీళ్లే" అన్నాను.

ఫొటో తీసేవాడు పక్కకి తిరిగి నవ్వుకున్నాడు.

పోలింగుకు ముందురోజు నేననుకున్నట్టే ఊదారంగు పని వచ్చింది. "రెండు చేతులూ పెట్టండి, సాయంత్రానికి లోడు వెళ్లాలి" అని మేస్త్రీ ఒకటే కేకలు. నేను ఒంటిచేత్తోనే లాక్కొస్తున్నాను. ఇంకో గంటలో పని అయిపోతుందనగా, ఒకామె మానేస్తే ఆ చోట్లో కొత్తగా చేరిన పిల్ల చిలపలెత్తుకుని వస్తూ కాలు జారి, తలకిందులుగా తొట్లోకి పోయింది. ఏ చెయ్యి ఏదని ఆలోచించే వ్యవధి ఎక్కడిది? చటుక్కున పట్టుకుని లాగాను. లాగాక చూసుకుంటే నా ఎడమచెయ్యి మోచేతి దాకా తొట్లో ఉంది. పాలకవరు ఊడి రంగులో తేలుతోంది. వేలు లేతవంకాయలా నిగనిగలాడుతోంది.

"నా వల్లే అక్కా, నా వల్లే" అని ఆ పిల్ల బావురుమంది.

"నోర్ముయ్. నువ్వు మునిగిపోయుంటే రెండు ఓట్లు పోయేవి" అన్నాను.

పైకి అలా అన్నాను గానీ, ఇంటికొచ్చి గుమ్మంలో కూలబడి ఏడ్చాను. ఆరునెలల కష్టం ఒక్క క్షణంలో నీళ్లపాలైతే ఏడవరా? మా ఆయన హాస్యమాడకుండా పక్కన కూర్చుని వీపు నిమిరాడు. దాంతో ఏడుపు ఇంకా ఎక్కువైంది.

అప్పుడే మా కోడలు పని నుంచి వచ్చింది. జిరాక్సు కొట్లో చేస్తుంది. చేతికొచ్చిన కాగితమల్లా చదవడం దానికో పిచ్చి. "ఊరివాళ్ల కాగితాలు నీకెందుకే" అని నేను తిట్టని రోజు లేదు. సంగతంతా విని, "అత్తయ్యా, చేతులు సరే, మీ కాళ్లెలా ఉన్నాయి?" అంది.

"నా కాళ్లకేం, పెళ్లికూతురి కాళ్లు! ఎందుకూ?"

సంచిలోంచి ఒక కాగితం తీసింది. పోలింగు సిబ్బందికిచ్చే నిబంధనల పుస్తకం కిందటివారం దాని కొట్లోనే కాపీలు తీశారట. ముప్ఫై ఒకటో పేజీ మసకగా పడితే పక్కన పెట్టి, అలవాటు కొద్దీ చదివిందట. చేతివేళ్ల మీద గుర్తు పెట్టే వీలు లేనప్పుడు, జాబితాలో పేరెదురుగా సంతకం లేదని చూసుకుని, కాలి బొటనవేలికి సిరా పెట్టాలని అందులో స్పష్టంగా ఉంది.

నేను లేచి కోడలి బుగ్గమీద ముద్దుపెట్టాను. ఈ ఇంటికొచ్చిన నాలుగేళ్లలో మొదటిసారి. పాపం, అదిరిపడింది. అదే పరుగున కొట్టుకెళ్లి ముప్ఫై నాలుగు కాపీలు తెచ్చింది. చీకటి పడేలోపు ఇద్దరం ఇంటింటికీ తిరిగి పంచేశాం.

మర్నాడు తలుపులు తెరవకముందే ముప్ఫై నలుగురం బూట్లతో సహా లైన్లో ఉన్నాం. లోపల అదే సోడాబుడ్డి ఆఫీసరు. నా చేతులు చూసి నోరు తెరవబోయాడు.

"చేతుల జోలికి పోకండి సార్, కాలు చూడండి" అని బూటు లాగి, కుడికాలు ఎదురుగా ఉన్న స్టూలు మీద పెట్టాను.

"ఆఫీసరు ముందు కాలు పెడతావా! ఏంటీ పద్ధతి?" అని సాష్టాంగం తరఫు ఏజెంటు ఇంతెత్తున లేచాడు.

"పద్ధతే బాబూ, ముప్ఫై ఒకటో పేజీ" అని కాగితం ఆఫీసరు చేతిలో పెట్టాను.

ఆయన చదివాడు. అద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు. పైవాళ్లకు ఫోన్ చేశాడు. "అవును సార్... కాలికే సార్... చాలామందే ఉన్నారు సార్..." ఫోన్ పెట్టేసి జాబితా తిప్పాడు. నా పేరెదురుగా గడి ఖాళీగా ఉంది. ఇక తప్పదని సిరాబుడ్డి పట్టుకుని కుర్చీలోంచి లేచి, నా కాలి దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"పోయినసారి అలా అనకుండా ఉండాల్సిందమ్మా" అన్నాడు మెల్లగా, తల ఎత్తకుండానే.

సిరా చల్లగా తగిలేసరికి చక్కిలిగింతలు పుట్టి పకపకా నవ్వేశాను. నా వెనకాల ముప్ఫై మూడు జతల బూట్లు టపటపా ఊడుతున్న చప్పుడు. ఏజెంటు ముక్కు మూసుకుని కిటికీ దగ్గరికి పారిపోయాడు. గదంతా ఒకటే నవ్వులు, కాపలా పోలీసుతో సహా. నేను మాత్రం లోపలికెళ్లి ఓటు వేసేటప్పుడు కళ్లు తుడుచుకున్నాను.

సాష్టాంగం ఇరవై ఆరు ఓట్లతో ఓడిపోయాడు. ఆయన మీద పోటీకి నిలబడ్డ, పాలడిపో నడిపే ఆవిడ గెలిచింది.

మూడోనాడు ఆవిడ మా ఇంటికొచ్చి, "పెద్దమ్మా, అంతా మీ చలవే" అంటూ నా కాళ్ల మీదికి వంగబోయింది. గభాల్న కాళ్లు వెనక్కి లాక్కున్నాను.

"వద్దు తల్లీ! కాళ్లు పట్టుకునేవాళ్లతో విసిగిపోయి ఉన్నాం. దూరంగా నిలబడి చూడు చాలు" అని బొటనవేలు చూపించాను. సిరా గోరు మొదట్లో గట్టిగా పట్టింది. "ఈ మచ్చ గోటి చివరికి రావడానికి ఏడాది పైనే పడుతుంది. అది చివరికొచ్చేలోపు కాలువ రావాలి. నేను గోరు కత్తిరించే రోజుకి రాకపోతే, మళ్లీ ఈ కాలే బయటికొస్తుంది."

ఆవిడ నవ్వింది. నేను నవ్వలేదు. దాంతో ఆవిడా నవ్వాపేసింది.

ఇప్పుడు ఎనిమిది నెలలైంది. వీధి పొడుగునా కందకం తవ్వేశారు, గొట్టాలు దిగాయి. శంకుస్థాపన మాత్రం ఎవరూ చేయలేదు. కౌన్సిలరమ్మ రోజూ పొద్దున్నే పని చూసుకోవడానికి వస్తుంది. గుమ్మంలో నేను కనపడితే అందరిలా మొహం చూసి పలకరించదు. ముందు నా కాలు చూసి, ఆ తర్వాత పనివాళ్ల వైపు తిరిగి, "త్వరగా కానివ్వండయ్యా, ఇంకా ఇంతే మిగిలింది" అని వేలికొస మీద కొలిచి చూపిస్తుంది.