జూన్ నెల మంచు

గల్ఫులో ఇంటి డ్రైవరు నోట ‘తెలీదు’ అనే మాట రాకూడదు. ఏసీ బాగైందా అంటే మియా మియా. టైర్లలో గాలి ఉందా అంటే మియా మియా. నూటికి నూరు అని అర్థం. పదకొండేళ్ళుగా ఉమ్ సలాల్‌లో ఒకే ఇంట్లో బండి తోలుతున్న మా నారాయణప్పన్నకు అది ఊతపదమైపోయింది. నిద్రలో లేపి నీ పేరేమిటని అడిగినా మియా మియా అంటాడని నేను ఎగతాళి చేసేదాన్ని. ఆయనది కదిరి పక్కన పల్లె, నాది రాయచోటి. ఆ ఇంట్లో స్టీరింగు ఆయనది, పొయ్యి నాది.

ఇంటి డ్రైవర్లకు ఇంకో రూలుంది. అది ఎక్కడా రాసి ఉండదు. యజమాని కుటుంబం దేశం దాటితేనే డ్రైవరుకు సెలవు. వాళ్ళు ఊళ్ళో ఉన్నంతకాలం బడికి, బజారుకు, ఆసుపత్రికి బండి తిరుగుతూనే ఉండాలి కదా! అందుకే ఊరికి ఎప్పుడొస్తావని ఇంట్లోవాళ్ళు అడిగితే, మా బాబా ఎప్పుడు పోతాడో అప్పుడు అంటారు మా డ్రైవర్లు. బాబా అంటే యజమాని. ఆయన తల్లిని మేం మామా అంటాం.

ప్రపంచ కప్పుకు ఇంకా మూడేళ్ళుందనగా, ఆ ఏడు రంజాన్ పండగ అయిపోగానే కుటుంబమంతా అలాస్కాకు పోవాలని బాబా అనుకున్నాడు. మామా కోరిక అది. ఆమె చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఎక్కడినుంచో పడవలో గోనెపట్టా చుట్టిన మంచుగడ్డ తెచ్చాడట. ఇల్లు చేరేసరికి పిడికెడే మిగిలిందట. దాన్ని కరిగిపోయేదాకా చేతిలో పట్టుకుని కూర్చుందట. ఇప్పుడు ఆమెకు చూపు పక్కల నుంచి మూసుకుపోతోంది, దూరం ఆనడం లేదు. పూర్తిగా పోకముందే, సముద్రంలోకి విరిగిపడే మంచుకొండను ఓడలో దగ్గరికంటా వెళ్ళి చూడాలని ఆమె ఆశ.

నారాయణప్పన్నకు ఇంతకంటే శుభవార్త లేదు. ఆయన భార్య అంజనమ్మకు గుండెలో వాల్వు మార్చాలి. ఒకసారి తేదీ ఇస్తే, బాబా పిల్లల పరీక్షలని ఈయన పోలేకపోయాడు. ఆమె ఆపరేషనుకే ఒప్పుకోలేదు. ‘నువ్వొచ్చి నా చెయ్యి పట్టుకుంటే తప్ప ఆ గదిలోకి పోను’ అని మొండికేసింది. ఇప్పుడు మళ్ళీ జూన్‌లో తేదీ ఇచ్చారు. ఈసారి దాటితే మేము చేసేదేమీ లేదని తిరుపతి డాక్టరు ముఖాన చెప్పేశాడు.

ఏప్రిల్‌లో ఒకరోజు నేనూ నారాయణప్పన్నా మామాను కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళి, వస్తూ వస్తూ వెస్ట్ బేలో ట్రావెల్ ఆఫీసు ముందు ఆగాం. బాబాకు మెయిళ్ళు చదివే ఓపిక లేదు. ఏదున్నా డ్రైవరుతో చెప్పి పంపండి అంటాడు. ఆ ఆఫీసులో టికెట్లు చేసే షఫీ మా రాయచోటివాడే. నారాయణప్పన్న పైకి వెళ్ళి కాగితాలతో దిగొచ్చేసరికి ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. బండి కదిలాక తెలుగులో మొదలుపెట్టాడు. వెనక సీట్లో నా పక్కన మామా ఉంది, ఆమెకు తెలుగు రాదు.

“షఫీ ఏమంటాండాడంటే హసీనమ్మా, జూన్‌లో ఓడ ఆ కొండకాడికి పోయేది కష్టమంట. ఇరిగిపడిన మంచుగడ్డలు ఆ సందులో ఇరుక్కోని ఉంటాయంట. వాటి మింద ఏవో సముద్రం జంతువులు పిల్లల్ని పెట్టుకోని పడుకునుంటాయంట, ఓడ వాటి జోలికి పోకూడదంట. జులై ఆఖర్లో అయితే దారి తెరుచుకుంటాదంట. అప్పుడు గూడా గ్యారంటీ ల్యా, అంతా కెప్టెన్ ఇష్టం. బాబాకు చెప్పి తేదీ మార్చుకోమన్నాడు.”

“అయితే చెప్పన్నా.”

“చెప్తే వాళ్ళు జులైకి పోతారు. నా సెలవు జులైకి పోతాది. అంజనమ్మది జూన్ గదమ్మా!”

లుసైల్ దగ్గర మళ్ళీ దారి మళ్ళించారు. నిన్న ఉన్న రోడ్డు ఇవాళ లేదు. స్టేడియం పనికి పోయే కంపెనీ బస్సుల వెనక మా బండి ఇరుక్కుపోయింది. అంతలో మామా ముందుకు వంగింది.

“నారాయణ్, ఆఫీసువాళ్ళు ఏమన్నారు? నాకు మంచుకొండ కనిపిస్తుందా?”

ఆయన అద్దంలో ఆమెను చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

“మియా మియా, మామా” అన్నాడు.

ఆమె సీటుకు ఆనుకుని కళ్ళు మూసుకుని నవ్వుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. “ముసలామె ఉసురు పోసుకుంటావా?” అన్నాను తెలుగులో.

“నా పెండ్లాం ఉసురు పోసుకోమంటావా?” అన్నాడు.

సాయంత్రం బాబా అడిగితే ఆయనకూ అదే మాట చెప్పాడు. జూన్ ఖాయమైంది.

పండగ అయిన వారానికి వాళ్ళు విమానమెక్కారు. మామాను చూసుకునే ఫిలిప్పీనో నర్సుకు అమెరికా వీసా వచ్చింది, నాకు రాలేదు. నా వంట పదేళ్ళు తిన్నవాళ్ళు నాకోసం ఇంకొక్కసారి అడిగితే ఏం పోయింది? సరే, అది వేరే కథ.

ఇక ఎగ్జిట్, అంటే దేశం దాటే అనుమతి, మిగిలింది. కంపెనీ కూలీలకు అది అప్పటికే తీసేశారు. ఇళ్ళల్లో పనిచేసే మాకు మాత్రం ఉండేది. యజమాని తన ఫోన్లో అనుమతి నొక్కితేనే మాకు ఎయిర్‌పోర్టు దాటే భాగ్యం. మరీ ముందుగా నొక్కితే గడువు దాటిపోతుందని, నీ విమానం రోజున ఓడలోంచి నొక్కుతాలే అన్నాడు బాబా.

ఆ రోజు వచ్చింది. రాత్రికి విమానం, ఎల్లుండి పొద్దున ఆపరేషను. పొద్దుటినుంచి నారాయణప్పన్న బాబాకు మెసేజీ మీద మెసేజీ పెడుతున్నాడు. ఒక్క గీతే పడుతోంది, చేరినట్టు రెండోది పడటం లేదు. మనకు సాయంత్రమైతే వాళ్ళకక్కడ పొద్దున. పొద్దెక్కాక చూస్తాడులే అని నేను ధైర్యం చెప్పాను. ఆయన కొత్త చొక్కా వేసుకుని, వంటింటి గుమ్మం దగ్గర పెట్టె మీద కూర్చున్నాడు. చొక్కా వీపంతా తడిసిపోయింది.

గేటు బయట గజేందర్ హారన్ కొట్టాడు. జగిత్యాల పిల్లోడు, లుసైల్ రోడ్డు పనిలో పికప్ తోలతాడు. ఎయిర్‌పోర్టులో దింపడానికి సూపర్‌వైజరును బతిమాలి బండి తెచ్చాడు.

“అన్నా, ఇంకెంతసేపే? మల్ల డైవర్షన్ మార్చిండ్రు. జల్ది రా, యల్లా!”

“ఎగ్జిట్ రాలేదురా” అన్నాన్నేను గోడమీంచి.

“గదేందక్కా! ఎగ్జిట్ లేకుంట పోతే ఆడికెల్లి ఎనకకు పంపుతరు. ఇంకింత సేపు చూస్త.”

అప్పుడు నా ఫోన్ మోగింది. నర్సు ఫొటో పంపింది. బూడిదరంగు నీళ్ళు, రెండువైపులా కొండలు, నీళ్ళ నిండా తెల్లటి గడ్డలు. కొన్ని గడ్డల మీద నల్లగా ఏవో పడుకుని ఉన్నాయి. కింద రాసింది: చాలా మంచు. ఓడ ఆగిపోయింది. వెనక్కి తిప్పుతారట. బాబా చాలా కోపంగా ఉన్నాడు.

నారాయణప్పన్న ఆ ఫొటోను చాలాసేపు చూశాడు. “షఫీ చెప్పినట్లే ఉండాది సూడు” అన్నాడు.

“కోపం వస్తే వచ్చింది, ఎగ్జిట్‌కు దానికి సంబంధమేంటి?” అన్నాను. ఊరికే అన్నాను. ఇద్దరికీ తెలుసు సంబంధమేమిటో. యజమాని మనసు బాగుంటే వేలు కదులుతుంది, లేకపోతే కదలదు. ఎక్కడో భూమి చివర మంచు దారి ఇవ్వకపోతే కదిరి దగ్గర ఒక ఆడమనిషి గుండె ఆగిపోయేట్టుంది. ఇదెక్కడి న్యాయమో నాకర్థం కాలేదు.

ఇంకాసేపటికి వీడియో కాల్ వచ్చింది. బాబా. నెత్తిన ఉన్ని టోపీ, చలికి ముక్కు ఎర్రబడింది. ఆయన మాట అరబిక్కు, హిందీ కలిసి ఉంటుంది, మాకు అలవాటే.

“నారాయణ్! ఓడ ఆఫీసులో అడిగాను. జూన్‌లో మంచు ఎక్కువ, ఇలా జరుగుతూనే ఉంటుంది, మీ ఏజెంటుకు ముందే చెప్పాం అన్నారు. ఏజెంటుకు ఫోన్ చేస్తే, ఆ షఫీ మీ డ్రైవరుకు చెప్పానంటున్నాడు. వాడు నీకు చెప్పాడా, లేదా? అవునో కాదో ఒక్కటే మాట.”

నారాయణప్పన్న నావైపు చూశాడు.

“చెప్పలేదంటే వాడి సంగతి ఈరోజే తేలుస్తాను” అన్నాడు బాబా. “చెప్పు!”

నేను ఫోనుకు కనబడకుండా పక్కన నిలబడ్డాను. “చెప్పలేదను అన్నా” అన్నాను తెలుగులో. “షఫీ చిన్నోడు, ఇంకో ఉద్యోగం చూసుకుంటాడు. వదినమ్మకు ఇంకో రోజు లేదు. చెప్పలేదను!”

అవును, నేనే అన్నాను. ఆ క్షణాన నాకు షఫీ కనబడలేదు. మా ఊరివాడు, వాళ్ళమ్మ నాకు పిన్ని వరుస, అయినా కనబడలేదు. అంజనమ్మ ఒక్కతే కనబడింది.

బయట గజేందర్ మళ్ళీ హారన్ కొట్టాడు.

“చెప్పినాడు బాబా” అన్నాడు నారాయణప్పన్న. “షఫీ అంతా చెప్పినాడు. జులైలో పొమ్మన్నాడు. నేనే మీకు చెప్పల్యా. నా భార్యకు గుండె ఆపరేషను. మీరు జూన్‌లో పోతేనే నాకు సెలవు. అందుకని చెప్పల్యా.”

బాబా మొహం బిగుసుకుంది. ఏదో అనబోయాడు. బొమ్మ అలాగే ఆగిపోయి, కాల్ తెగిపోయింది. కొండల మధ్య సిగ్నల్ పోయిందో, ఆయనే కోసేశాడో!

మళ్ళీ చేశాం. మోగలేదు. మళ్ళీ చేశాం. నారాయణప్పన్న లేచి పెట్టెను ఎత్తి గదివైపు నడిచాడు.

“ఎక్కడికన్నా?”

“చొక్కా మార్చుకుంటా. ఇంగ యాడికి పోయేది?” అన్నాడు. “అంజనమ్మకు నేనే ఫోన్ చేస్తా. నువ్వు చెయ్యాకు.”

నేను ఆ పెట్టె పట్టుకుని వదల్లేదు. ఆయన లాగాడు, నేనూ లాగాను. నవ్వొస్తుంది తల్చుకుంటే, ఏడుపూ వస్తుంది. అలా లాక్కుంటుండగానే ఫోన్ మోగింది. తెరమీద బాబా కాదు, మామా. ఒంటినిండా దుప్పట్లు, పక్కన నర్సు చెయ్యి మాత్రం కనబడుతోంది. వెనక బాబా అరుపులు వినబడుతున్నాయి.

“నారాయణ్, నువ్వు నాకు అబద్ధం చెప్పావు.”

“చెప్పినా మామా.”

“కొండ కనిపిస్తుందని నువ్వన్నాక రెండు నెలలు రోజూ దాన్నే తలుచుకున్నాను. అది కనబడలేదు. నా కొడుకు కోపంలో తప్పు లేదు.”

ఆయన తల వంచుకున్నాడు. ఆమె ఆయాసపడి ఆగింది. తర్వాత ఫోనును తన చేతివైపు తిప్పమంది. ఆమె అరచేతిలో మంచుముక్క ఉంది, అద్దం లాంటిది, లోపల నీలంగా. ఓడవాళ్ళు చిన్న పడవలో పోయి వలతో తీసి, డెక్కు మీద అందరికీ చూపించారట. ఆమె అడిగి ఇప్పించుకుందట.

“దూరం నా కళ్ళకు ఆనదు. కొండ ముందుకు పోయినా నాకు తెల్లటి మసకే. ఈ ముక్కలు మాత్రం నాకోసం ఓడ పక్కకే వచ్చాయి. వాటి మీద పిల్లలతో తల్లులున్నాయి. వాటిని కూడా చూశాను.” నీళ్ళు ఆమె మణికట్టు మీదుగా కారుతున్నాయి. “నీ భార్యకు ఆపరేషనని నాతో ఎందుకు చెప్పలేదు? పదకొండేళ్ళ నుంచి నా వెనకో ముందో ఉన్నావు కదా!”

“డ్రైవరు ఎట్లా అడిగేది మామా?”

ఆమె పక్కకు తిరిగి కొడుకును పిలిచింది. వాళ్ళిద్దరూ అరబిక్కులో గట్టిగా అనుకున్నారు, అంతా నాకర్థం కాలేదు. ‘వచ్చాక’ అని బాబా రెండుసార్లు అనడం వినబడింది. వచ్చాక ఏం చేస్తాడో చెప్పలేదు.

నారాయణప్పన్న చేతిలో ఫోన్ టింగుమంది. ఎగ్జిట్ వచ్చింది. నేను చదివాను, ఆయన చదివాడు, మళ్ళీ నేను చదివాను.

“పో” అంది మామా. “ఒక్కటి చెప్పి పో. మళ్ళీ వస్తావా? నా కంటి ఆసుపత్రికి నన్నెవరు తీసుకెళ్తారు?”

ఆయన పెదాలు ‘మి’ దగ్గరకు వచ్చి ఆగాయి, నేను చూశాను. అంజనమ్మ ఎలా ఉంటుందో తెలీదు. బాబా మళ్ళీ పనిలో పెట్టుకుంటాడో లేదో తెలీదు.

“ఇన్షా అల్లా, మామా” అన్నాడు.

ఆమె తలూపింది. చేతిలో మంచు అప్పటికి చాలా చిన్నదైపోయింది.

పెట్టె నేనే మోసుకుని పరిగెత్తాను. గజేందర్ అప్పటికే బండి స్టార్టు చేసి ఉంచాడు. నారాయణప్పన్న ముందుసీట్లో కూలబడి రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు.

“గజేందర్, విమానం అందుతుందా?” అని అడిగాను.

“మియా మియా అక్కా!”

“ఆ మాట అనాకురా నాయనా” అన్నాడు నారాయణప్పన్న. “బండి తోలు.”