చెరలో నిమ్మచెట్టు

శనివారం మధ్యాహ్నం వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతుంటే ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. భర్త గుమ్మంలో నిలబడి రేపు చర్చిలో చెప్పబోయే ప్రసంగం చదువుతున్నాడు. పాస్టరు కాబట్టి సంఘానికంతా ఆయన అయ్యగారు, ఆమె అమ్మగారు. పెళ్ళయిన నాటి నుంచీ ఇదే వరస. ఆదివారం జనానికి వడ్డించేదంతా ముందురోజు ఆమెకు రుచి చూపిస్తాడు. ఆమె కళ్ళు తుడుచుకోవడం చూసి, "ఇక్కడ అందరూ ఏడుస్తారు" అంటూ ఆ వాక్యం కింద గీత గీసుకున్నాడు. ఉల్లిపాయల సంగతి ఆయనకెందుకు?

రేపటి అంశం బబులోను చెర. యెరూషలేము కూలిపోయి, పరాయి రాజు సైనికులు జనాన్ని బబులోనుకు తోలుకుపోయాక, అక్కడ పడి ఏడుస్తున్నవాళ్ళకు ప్రవక్త కబురు పంపాడు. ఇళ్ళు కట్టుకోండి, తోటలు వేసుకుని వాటి పండ్లు తినండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్నమే బాగుండాలని ప్రార్థన చేయండి అని.

"ఎంత గొప్ప మాటో చూశావా! దేవుడు ఎక్కడ పెడితే అక్కడ వేళ్ళూనుకోవాలి."

"వేళ్ళూనుకున్నాక పీకేస్తేనో?" అంది ఆమె, చెయ్యి ఆపకుండా.

"ఆఁ, ఇది బాగుంది!" అని గబగబా రాసుకున్నాడు. అలా రాసుకున్న ఆమె మాటలు ఎన్నని! జనం ఆహా అంటారు, ఆయన వినయంగా తల వంచుతాడు. సొమ్మొకరిది, సోకొకరిది.

"వీడ్కోలు ప్రసంగం కదా, ఇలాంటివి రెండు పడాలి," అన్నాడు మళ్ళీ.

కత్తి ఆగింది. "ఎవరికండీ వీడ్కోలు?"

"మనకే. పెద్ద సంఘానికి మార్చారు. వచ్చే నెల బయల్దేరాలి. నీకు చెప్పలేదూ? అమ్మకు చెప్పాను, నీకూ చెప్పాననుకున్నానే!"

ముందుగదిలోంచి అత్తగారు అందుకుంది. "చెప్తే మాత్రం ఏం చేస్తుందిరా? సామాన్లు ఎలాగూ తనే సర్దాలి."

ఆమె కత్తి పక్కన పెట్టింది. పోయినవారమేగా, బడిలో హెడ్మిస్ట్రెస్ పిలిచి, "మీ పాటల క్లాసంటే పిల్లలు పడిచస్తున్నారు, ఈ ఏడు నుంచి మీ ఉద్యోగం ఖాయం" అంది! పరుగున ఇంటికొచ్చి ఆయనకు చెప్పింది. "మంచిది, టీ పెట్టు" అన్నాడు. అప్పటికే ఆయన వెళ్తానని మాటిచ్చేసి ఉన్నాడన్నమాట. ఎన్ని ఊళ్ళు మారింది తను! వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ పెరట్లో ఒక నిమ్మమొక్క నాటింది. ఒక్కచోట కూడా కాయ కోయలేదు. ఇక్కడి చెట్టు ఇప్పుడిప్పుడే పూత పట్టింది. ప్రవక్త తోటలు వేసుకోండి అని ఊరుకోలేదు కదా, పండ్లు తినండి అని కూడా అన్నాడు కదా!

"నా ఉద్యోగం..." అంది.

"పాటలదేముందే, ఎక్కడైనా పాడుకోవచ్చు. నాది దేవుడి పిలుపు," అన్నాడాయన. కోపంగా కూడా అనలేదు. కోపమొచ్చినా బాగుండేది, పోట్లాడడానికి ఏదో ఒకటి దొరికేది.

ఆదివారం చర్చి కిటకిటలాడింది. వేళ్ళూనుకున్నాక పీకేస్తేనో అని ఆయన అడిగినప్పుడు ముందు వరసలో ముసలావిడ కొంగు నోట్లో కుక్కుకుంది. చివర్లో గొంతు తగ్గించి చెప్పాడు. చెరపట్టినవాళ్ళు వినోదానికి మీ ఊరి పాట ఒకటి పాడండి అని అడిగారట. వీళ్ళు వాయిద్యాలు చెట్లకు తగిలించేసి, నది ఒడ్డున ఉత్తచేతులతో కూర్చున్నారట.

"ఇప్పుడు అమ్మగారు పాడతారు," అన్నాడు.

ప్రసంగం తర్వాత ఆమె పాడాల్సిందే, అది ఆ సంఘం అలవాటు. కీబోర్డు మీద వేళ్ళు పెట్టింది. పాడమని అడిగింది ఎవరు? చెరపట్టినవాళ్ళే కదా! వేళ్ళు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఎవరో దగ్గారు. ఆమె తల ఎత్తలేదు. చచ్చినా పాడను అనుకుంది. జన్మలో మొదటిసారి నలుగురిలో కాదన్నాను, ఇప్పుడైనా ఈయన నా వైపు చూస్తాడు, ఎందుకని అడుగుతాడు అనుకుంది.

"చూశారా!" అయ్యగారి గొంతు వణికింది. "మిమ్మల్ని విడిచి వెళ్ళాలంటే ఆమెకు పాట కూడా రావడం లేదు!"

అంతే, చర్చి చర్చంతా బావురుమంది.

బయట ఆడవాళ్ళు ఆమెను చుట్టేశారు. "పాడకుండానే ఏడిపించారమ్మగారూ!" అన్నారు. కాదమ్మా, నేను కాదన్నాను అని ఎవరితో చెప్పాలి? చెప్తే ఎవరు నమ్ముతారు? తన మౌనాన్ని కూడా ఆయనే వాడేసుకున్నాడు.

భోజనాల దగ్గర ఆయన హుషారుగా ఉన్నాడు. "ఇవాళ అంతా నిలబెట్టింది నువ్వే. కొత్త ఊళ్ళో మొదటి ఆదివారం కూడా అలాగే చెయ్యి. ఇంకాస్తసేపు తల వంచుకుని ఉంటే ఇంకా బాగుంటుంది."

"అవునే, బాగా కుదిరింది," అంది అత్తగారు, అన్నం కలుపుతూ.

చెయ్యి కడుక్కుని ఆమె పెరటి గుమ్మంలో నిలబడింది. నిమ్మపూల వాసన గుప్పుమంది. ఆ చెరలోవాళ్ళకైతే దేవుడు డెబ్భై ఏళ్ళని గడువైనా చెప్పాడు. నాకెన్నేళ్ళో ఎవరూ చెప్పలేదు. పైకే అనబోయింది, పెదవులు కదిలాయి కూడా.

"ఏదో అన్నావు?" అంటూ ఆయన జేబులో పెన్ను కోసం తడుముకున్నాడు.

"ఏం లేదండీ," అంది.

ఇన్నేళ్ళలో ఆయన ప్రసంగంలోకి పోకుండా ఆమె దగ్గరే మిగిలిన మొదటి మాట అది.