పాలు పొంగిన తర్వాత

మా బావ పోలరాజు మీద నాకు కోపం. చచ్చిపోయిన మనిషి మీద కోపమేమిటంటారా? ఉంది. నోరున్నవాడు ఆ ఒక్కరోజే నోరు మూసుకున్నాడు మరి!

పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో నేను రిటైరయ్యాను. కంపెనీ క్వార్టరు ఖాళీ చేయాలి. భుయ్యాడీహ్‌ అనే పేటలో నది వైపు దిగే సందులో ఒక మట్టిగోడల ఇల్లు అమ్మకానికి వచ్చింది. మా ఆవిడ నూకాలమ్మకు అది తెగ నచ్చేసింది. పోలరాజు ఆమెకు సొంత అన్న, బారిడీహ్‌లో తాపీ మేస్త్రి. అతను గోడలు చూసి సరేనంటేనే బేరం అన్నాను. అంతవరకూ బాగానే ఉంది.

ఆషాఢం వచ్చేస్తోంది. బావ గోడలు చూడ్డానికి వస్తానన్న ఆ రోజు దాటితే శ్రావణం దాకా ముహూర్తం లేదు. బావ ఎక్కిన బస్సు ఎక్కడో ఆగిపోయింది. నూకాలమ్మ ఆగితేనా!

"అన్న ఎనకాల వత్తాడులే, ముందు పాలెట్టేద్దాం" అంటూ ఇల్లమ్మే ముసలాయన్ని అడిగేసింది. ఆయన హిందీలో "కరో బేటీ, కరో" అని ఒప్పేసుకున్నాడు. పాలు పొంగి పొయ్యిలో పడ్డాయి. మా ఆవిడ మొహం వెలిగిపోయింది.

అప్పుడొచ్చాడు బావ, చెమటలు కక్కుకుంటూ. వస్తూనే దారానికి కట్టిన ఇనపగుండు తీసి, గోడ నిటారుగా ఉందో లేదో చూడ్డానికి ఒక్కో గోడ పక్కనా వేలాడదీశాడు. వెనక గోడ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. పిడికిలితో తట్టి చెవి ఆనించాడు.

"ఏటి బావా?" అన్నాను.

నోరు తెరిచాడు. అంతలో పొయ్యి అతని కంటబడింది.

"పాలు పొంగించేసినారేటి?"

"తూరుపుకే పొంగినాయన్నియ్యా!" అంది నూకాలమ్మ చిన్నపిల్లలా.

పాలు పొంగిన ఇంటిని చెడ్డ మాట అనకూడదని మావాళ్లలో పెద్ద పట్టింపు. బావ దారం చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"బాగుందమ్మా" అన్నాడు.

ఆ మాట నమ్మి కొన్నాం.

వానలు మొదలయ్యాక ఆదివారం వస్తే చాలు, దిగబడేవాడు. చెల్లి చేతి చేపల పులుసు తినాలనుందనేవాడు. తినకముందే వెనక్కి పోయి ఆ గోడకు మట్టి మెత్తేవాడు, వెదుళ్లు ఊతగా పెట్టేవాడు. "మంచం అటేపు ఎయ్యకండి, గాలాడదు" అనేవాడు.

"ఇల్లు మాదా, నీదా బావా? పులుసు కోసం ఇన్ని నాటకాలా?" అని ఆటపట్టించాను. నవ్వేసి మళ్లీ మట్టి అందుకున్నాడు.

భాద్రపదంలో ముసురు పట్టింది. మధ్యాహ్నం మేం అన్నం తింటుంటే వెనక ధబ్బుమని చప్పుడైంది. పరిగెత్తాం. గోడ బయటికి పడిపోయింది. ఇంట్లో ఒక్క పెళ్ల కూడా రాలలేదు. బయట మట్టి కింద వెదురు పట్టుకున్న చెయ్యి ఒకటి కనిపించింది. మేం పిలవలేదు, వచ్చినట్టు బావ కూడా చెప్పలేదు.

సందులో జనమంతా చేరి మట్టి తీశారు. అప్పటికే అంతా అయిపోయింది. "ఓలమ్మో, ఒక్క మాట సెప్పనేకపోనావా అన్నియ్యా!" అని నూకాలమ్మ ఏడ్చిన ఏడుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది. ఎందుకు చెప్పలేదో మా ఇద్దరికీ తెలుసు. నా కోపం అందుకే. చెల్లెలి మొహం చిన్నబోతే ఏం మునిగిపోయేదయ్యా? అద్దెగదిలో పడి ఉండేవాళ్లం. నువ్వుండేవాడివి.

గోడ ఇటుకతో కట్టించి ఇల్లు అమ్మకానికి పెట్టాం. మరుసటేడు ఆషాఢం ముందర సీతారాండేరా నుంచి వరహాలు అనే కుర్రాడు పెళ్లాంతో వచ్చాడు. ఆ పిల్ల చేతిలో కొత్త గిన్నె, గిన్నెలో పాలు.

"మంచి గడియ దాటిపోతంది పిన్నీ, ముందు పాలు పొంగించేత్తాం. మేస్త్రి ఎనకాల వత్తాడు" అంది.

నూకాలమ్మ ఆ గిన్నె అందుకుని అటక మీద పెట్టేసింది. పెట్టెలోంచి అన్న జేబులో దొరికిన దారం, గుండు తెచ్చి ఆ పిల్ల చేతిలో ఉంచింది.

"ముందు మేస్త్రిని రానీయమ్మా. ఈ ఇంటిని నోటికొచ్చినట్టు తిట్టినా తిట్టనీ. పాలు తరవాత."