అత్తయ్య చెప్పని వాక్యం

రెండొందల మందికి మొక్కజొన్న ముద్ద కెలుకుతున్నాను. చెయ్యి భుజం దగ్గర నుంచి లాగేస్తోంది. పొగలోకి తల దూర్చి మా ఆయన గరికాయ్ అన్నాడు, "రూడో వాళ్ళమ్మా, పది గంటలకు పాస్టరుగారు వస్తారు. ఆదివారం నావల్ల కాదని ఆయనకు నువ్వే చెప్పెయ్. ఇంట్లో చావైంది, ఇప్పుడు నీ ప్రసంగమేంటి? వచ్చే ఏడాది చూద్దాం."

ముద్ద అడుగంటుతోంది, తిప్పుతూనే ఉన్నాను. మూడేళ్ళు రాత్రిళ్ళు చదివి పరీక్ష రాశాను, గుడిలో నిలబడి వాక్యం చెప్పడానికి ఈ ఆదివారం మొదటిసారి నా పేరు వేశారు, దాన్ని ఈయన 'నీ ప్రసంగమేంటి' అంటున్నాడు! లోపల పెట్టెలో, గుడి స్త్రీల సమాజం వాళ్ళు వేసుకునే ఎర్ర జాకెట్టుతో, తెల్ల టోపీతో పడుకుని ఉన్న మా అత్తయ్య కూడా ఇదే పరీక్ష పాసైంది. పంతొమ్మిదేళ్ళ కిందట. ఒక్కసారి కూడా గుడిలో మాట్లాడలేదు. మొన్న మంగళవారం వాకిలి ఊడుస్తూ చీపురు పట్టుకునే ఒరిగిపోయింది. దేవుడు పని అప్పగించాడు సరే, రేపు కూడా ఇస్తానని ఎవరికి మాటిచ్చాడు?

"షువాయీ, రావే, అందరూ ఏడ్చి ఏడ్చి నీరసపడ్డారు" అని తోడికోడలు రెవాయి లాక్కుపోయింది. మా ఆచారం ప్రకారం పెట్టె ఇంట్లో ఉన్నంతసేపు కోడళ్ళం పోయినవాళ్ళలా నటించి నవ్వించాలి. ఆ కాసేపు మేం ఏమన్నా ఎవరూ కోపగించుకోకూడదు. రెవాయి అత్తయ్య ఏప్రన్ కట్టుకుని, నడుం మీద చెయ్యేసి, "ఒరే గరికాయ్! నువ్వూ ఆ ఎద్దూ ఒకటేరా, పిలిస్తే ఇద్దరూ పలకరు!" అంది. వాకిలంతా గొల్లుమంది. మా ఆయన కూడా నవ్వాడు.

తర్వాత నా వంతు. దారం కట్టిన అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని మామయ్య ఎదుట మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"ఏమండీ, ఈ ఆదివారం వాక్యం చెప్పమన్నారండీ."

గొంతు మార్చి మామయ్యలా గుర్రుమన్నాను. "వానలు పడనీ."

"పడ్డాయండీ."

"కోతలు కానీ."

"అయ్యాయండీ."

అప్పటిదాకా నవ్వారు.

"పిల్లల పెళ్ళిళ్ళు కానీ."

"అవీ అయ్యాయండీ. ఇప్పుడు వెళ్ళనా?"

ఈసారి గొంతు మార్చలేదు, మామయ్య వైపే చూశాను.

"చాల్లే, లే!" మా ఆయన కుర్చీ తన్నుకుంటూ లేచాడు. "మా నాన్ననే ఎగతాళి చేస్తావా?"

ఓ ముసలామె చేతికర్ర అడ్డం పెట్టింది. "కూర్చోరా. మీ అమ్మ ఇంకా ఇంట్లోనే ఉంది. కోడలి నోరు మూయడానికి నువ్వెవడివి?"

మామయ్య తలెత్తలేదు. "అమ్మాయ్... ఆమె ఏం చెప్పాలనుకుందో నీకెప్పుడైనా చెప్పిందా?"

"లేదు మామయ్యా. పదకొండేళ్ళు ఆవిడ పక్కనే కూర్చుని గిన్నెలు తోమాను. నేనూ అడగలేదు."

అన్నాక గానీ ఆ మాట నాకే ఎంత గట్టిగా తగులుతుందో తెలియలేదు. నవ్వించడానికి వచ్చినదాన్ని, వెక్కి వెక్కి ఏడ్చాను.

అంతలో గేటు దగ్గర పాస్టరుగారి పాత కారు ఆగింది. మా ఆయన నా వైపే చూస్తున్నాడు, దవడలు బిగిసి ఉన్నాయి. రాత్రికి ఆయనున్న గదిలోకే వెళ్ళాలని తెలుసు. కళ్ళజోడు తీసి మామయ్య చేతిలో పెట్టి, గేటు దాకా నడిచాను.

పాస్టరుగారు నా చెయ్యి పట్టుకున్నారు. మంచాయన. "ఇంట్లో చావు జరిగింది కదమ్మా. నీ ఆదివారం వాయిదా వేద్దామా?"

"జరిగింది కాబట్టే వద్దు అయ్యగారూ" అన్నాను.