బరువు ఏ కాలి మీద

"కదలకు" అన్నాడు శిల్పి, పెళ్ళాం మొహం వైపు చూడకుండానే, ఆమె మోకాలి దగ్గర నుంచి మడమ దాకా దారంతో కొలుస్తూ.

ఆమె కదల్లేదు. నడుం మీద ఖాళీ బుట్ట. కుడికాలు ఒక అడుగు ముందుకి. చూపు ఎదురుగా ఉన్న గోడ మీద. ఆ గోడ మీద ఒక బల్లి కూడా ఆమెలాగే బిగుసుకుని ఉంది. దానికి కనీసం పురుగు దొరుకుతుందన్న ఆశయినా ఉంది. తనకి, పొయ్యి మీద పాలు పొంగుతాయేమోనన్న దిగులు తప్ప ఏమీ లేదు. పెరట్లోని ఈ రేకుల షెడ్డులో ఉన్నంతసేపూ ఆయన నోట వచ్చే మాట "కదలకు". పెరడు దాటి ఇంట్లో అడుగుపెట్టాడంటే "కాస్త కదులు, కాళ్ళకి మేకులు కొట్టారా?" అంటాడు. రెండూ ఒకే మనిషితో అంటున్నానని ఆయనకి ఎప్పుడూ తట్టలేదు.

కొత్త బస్టాండు ముందు పెట్టడానికి నడుస్తున్న స్త్రీ బొమ్మ ఒకటి కావాలన్నారు. ముందు మట్టిలో చెయ్యాలి. అది కుదిరితే అచ్చు తీసి లోహం పోస్తారు. నెల రోజుల నుంచి అదే పని. మట్టి నానబెట్టడం, రాళ్ళు ఏరడం, తొక్కడం ఆమె వంతు. బొమ్మకి రెండు పూటలా తడిగుడ్డలు చుట్టడం కూడా ఆమె వంతే. ఆరిపోతే మట్టి బీటలు వారుతుంది. వేళ్ళూ గోళ్ళూ దిద్దేది ఆమే, ఆయన బొటనవేలు లావు కాబట్టి. ఎవరైనా వస్తే మాత్రం "మా ఆవిడ కాస్త సాయం చేస్తుందండీ" అంటాడు. అత్తగారైతే ఇంకాస్త దయగా, "ఊరికే కూర్చోలేదు పిల్ల, వాడికి సాయంగా ఉంటుంది" అంటుంది. కిందటేడు ఆయనకి జ్వరం వచ్చి వారం రోజులు పడుకున్నాడు. అప్పుడు చేస్తున్న బొమ్మకి ఏమీ కాలేదు. తర్వాత ఆమెకి జ్వరం వచ్చింది. రెండో రోజుకి బొమ్మ ముక్కు ఊడిపడింది. సాయం అంటే ఇంత బరువుంటుందని ఆమెకి ఆ ముక్కు పడ్డ రోజే తెలిసింది. కానీ ఎవరికీ చెప్పలేదు. ముక్కు మళ్ళీ అతికించింది.

ఆ సాయంత్రం ఇంజినీరు వచ్చాడు. బస్టాండు కట్టించింది ఆయనే. బొమ్మ చుట్టూ రెండుసార్లు తిరిగి, గడ్డం గోక్కుని అడిగాడు.

"మాస్టారూ, ఈవిడ బస్సు కోసం ఎదురుచూస్తోందా?"

"లేదండీ. నడుస్తోంది."

"అలాగా! ఎప్పుడు బయల్దేరుతుందంటారు?"

తలుపు దగ్గర పీట మీద కూర్చున్న అత్తగారు ఫక్కుమంది. శిల్పి మొహం మట్టి రంగుకి తిరిగింది. ఇంజినీరు మంచివాడే, మెల్లగా అసలు సంగతి చెప్పాడు. "ఆరు రోజుల్లో అచ్చు తీసేవాళ్ళు వస్తారు. ఆ పొద్దున నేను మళ్ళీ వచ్చి చూస్తాను. అప్పటికి ఇది నడవకపోతే అక్కడ గడియారం పెట్టించేద్దాం అంటున్నారు పైవాళ్ళు. అదైతే కనీసం ముల్లు తిరుగుతుందిట."

ఆయన వెళ్ళగానే శిల్పి పెళ్ళాం మీదికి తిరిగాడు.

"లోపమంతా నీ నిలబడటంలోనే ఉంది. కట్టెలా నిలబడితే కట్టెలాగే వస్తుంది మరి!"

"ఆడలేక మద్దెల ఓడు అన్నాట్ట నీలాంటివాడే" అంది అత్తగారు. కొడుకంటే ఆవిడకి ప్రాణమే. కానీ సామెత నోటికొచ్చిందంటే ప్రాణాన్ని కూడా చూడదు.

మర్నాడు ఆయన బొమ్మకి గాలి పెట్టాడు. జుట్టంతా వెనక్కి ఎగరేశాడు. పైబట్ట జెండాలా చాచాడు. నిండుగా కనిపించాలని తొడ మీద బట్టని ముందుకి ఉబ్బించాడు. ఆమె తడిగుడ్డ పట్టుకుని చూస్తూ ఉండిపోయింది. జుట్టుకి గాలి ముందు నుంచి వీస్తోంది, తొడ మీద బట్టకి వెనక నుంచి వీస్తోంది. పాపం, బొమ్మ రెండు గాలుల మధ్య చిక్కుకుంది.

"గాలి రెండు వైపుల నుంచి వస్తోందండీ" అంది ఉండబట్టలేక.

"బొమ్మల సంగతి నీకేం తెలుసు? నువ్వు మట్టి చూసుకో."

మట్టే చూసుకుంది. ఆమె ఎప్పుడూ చూసేది అదే. చెక్కుతుంటే రాలిన మట్టి ఉండల్ని కొంగున వేసుకుని వంటింట్లోకి తెచ్చుకోవడం ఆమెకి అలవాటు. అన్నం ఉడికేలోగా బొటనవేలంత మనుషులు తయారవుతారు. కిటికీ గట్టు మీద, ఉప్పు డబ్బా వెనక వరసగా నిలబడతారు. అసలు నిలబడరు, అదే తమాషా. నీళ్ళ బిందె మోసేది ఒకతె. పరుగున వెళ్ళి పిల్లవాడి చెవి పట్టుకోబోతున్నది ఇంకొకతె. ఇవన్నీ ఎవరూ నేర్పలేదు. కిటికీ లోంచి చూసింది, అంతే. నడిచే మనిషి బరువు ఎప్పుడూ ఒక కాలి మీదే ఉంటుంది. ఆ వైపు నడుం పైకి లేస్తుంది, అదే వైపు భుజం కిందికి జారుతుంది. రెండో కాలు ఇంకా నేలని వదల్లేదు, కానీ మడమ అప్పుడే లేచి వెళ్ళిపోతోంది. ఒళ్ళు ముందు వెళ్తుంది, బట్ట ఆలోచించుకుని వెనకాల వస్తుంది. నిజానికి నడవడమంటే ముందుకి పడబోయి, పడకుండా కాలు అడ్డం వేసుకుని, మళ్ళీ పడబోవడం. అడుగుకీ అడుగుకీ మధ్య ఒక్క క్షణం ఉంది చూశారూ, అక్కడ ఏ మనిషికీ ఆగడం కుదరదు. ఆగితే బోర్లా పడటమే. తనని మూడు గంటలు ఆ క్షణంలో ఆగమన్నాడు ఆయన. పడిపోకుండా ఉండటానికి తను బరువుని రెండు కాళ్ళకీ సమంగా పంచుకుంది. ఆయన దాన్ని దారం పెట్టి అంగుళం తేడా లేకుండా కొలిచాడు. కొలతల్లో తప్పేమీ లేదు. నిలబడ్డ మనిషిని కొలిచాడు, నిలబడ్డ మనిషే వచ్చింది.

ఇదంతా ఆయనకి చెప్పొచ్చు. చెప్తే ఏమవుతుందో కూడా ఆమెకి తెలుసు. రెండు రోజులు కాదంటాడు, మూడో రోజు అది తన ఆలోచనే అయిపోతుంది. పీఠం మీద ఆయన పేరు, మట్టి కింద ఆమె చేతులు. పదేళ్ళుగా జరుగుతున్నదదే. ఇంకొక్క బొమ్మకి అలా జరిగితే కొంపేం మునగదు. కానీ ఈ బొమ్మ నడక తనది. వేళ్ళూ గోళ్ళూ ఇచ్చేసినట్టు నడకని కూడా ఇచ్చేస్తే, ఇక తన దగ్గర మిగిలేదేముంది? ఈసారి చెప్పకూడదనుకుంది. గడియారం పెట్టుకోనీ.

అత్తగారు ఉప్పు కోసం రాకపోయి ఉంటే గడియారమే పెట్టేవారేమో.

"ఇదెవరే, అమ్మాయ్?" ఆవిడ ఒక బొమ్మని చేతిలోకి తీసుకుంది. ముందుకి వంగి, ఒక చెయ్యి మోకాలి మీద వేసి, రెండో చెయ్యి గాల్లో ఎవరినో తిడుతూ వెళ్తున్న ముసలావిడ. అత్తగారు దాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. "నేనే కదే ఇది! నా మోకాలి నొప్పి కూడా చేశావు కదే, దొంగమొహమా!"

"కోపం వచ్చిందా అత్తయ్యా?"

"కోపమా? ఇన్నేళ్ళుగా నొప్పి నొప్పి అంటుంటే ఈ ఇంట్లో ఒక్కరికీ కనపడలేదు. నీకు కనపడింది." ఆవిడ కళ్ళు తుడుచుకుని, వెంటనే గొంతు పెంచింది. "ఒరేయ్! ఇలా రారా! మీ అమ్మ పారిపోతోంది, పట్టుకో!"

శిల్పి వచ్చాడు. బొమ్మని అరచేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. కిటికీ గట్టు మీద మిగతావాళ్ళనీ చూశాడు.

"ఇవి కదులుతున్నాయి" అన్నాడు చివరికి, ఆమె మీద ఏదో నేరం మోపుతున్నట్టు.

"ఆఁ."

"ఎలా చేశావు?"

ఆమె గిన్నె మీద మూత తీసి చూసింది. ఆయన తనలో తనే లెక్కలు వేసుకుని, వికసించిన మొహంతో అన్నాడు. "సరే, వీటిని చూసి ఆ పెద్దదాన్ని సరిచేసేస్తాను. నువ్వు కాస్త సాయం చెయ్యి."

ఆమె పొయ్యి ఆర్పింది. చేతులు తుడుచుకుంది. మాట ఉప్పు అందించమన్నంత మామూలుగా వచ్చింది.

"పైన మట్టి సరిచేస్తే అది నడవదండీ. లోపల ఇనప ఊచ నిటారుగా ఉంది. నడుం దాకా కోసేసి, ఊచ వంచి, మళ్ళీ కట్టుకురావాలి."

"నెల రోజుల పని కోసేస్తావా? ఎవరు కడతారు మళ్ళీ?"

"నేను కడతాను. పేరు కూడా నాదే రాస్తాను."

"మరి నేనేం చెయ్యాలి?"

"సాయం."

అత్తగారు పక్కకి తిరిగి దగ్గింది. అది దగ్గు కాదని అందరికీ తెలుసు. శిల్పి విసురుగా వెళ్ళిపోయాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి ఆయన. కానీ కుందేలు పరిగెత్తకపోతే ఆ సంగతి కూడా తెలిసే మనిషి. సాయంత్రం దాకా షెడ్డులో బొమ్మ ఎదురుగా కూర్చున్నాడు. చీకటి పడకముందే వంటింటి గుమ్మంలోకి వచ్చి, తల దించుకుని అడిగాడు.

"మట్టి ఎంత నానబెట్టమంటావు?"

మర్నాడు పొద్దున్నే ఆమె తీగ పట్టుకుని బొమ్మ నడుం దగ్గర పెట్టి లాగింది. మట్టి జున్నులా తెగింది. ఊచ ఆయన కోశాడు, ఆమె వంచింది. తర్వాత బుట్టలో రెండు ఇటుకలు వేసి ఆయన నడుం మీద పెట్టి, "పెరట్లో నడవండి" అంది.

"ఎంత దూరం?"

"నేను చాలు అనేదాకా."

ఆయన నడిచాడు. అత్తగారు పీట జరుపుకుని మరీ కూర్చుంది. "ఒరేయ్, బుట్ట మోసేవాళ్ళు అలా రొమ్ము విరుచుకోరురా! పెళ్ళికొడుకులా ఉన్నావు!" పది చుట్లకి రొమ్ము దిగింది. ఇరవై చుట్లకి ఒళ్ళు దానంతట అదే ఒరిగింది. ముప్పయ్యో చుట్టులో ఆయన అరిచాడు. "ఇక్కడ నడుం పట్టేస్తోందే!"

"ఎక్కడ? వేలు పెట్టి చూపించండి. ఆఁ, ఆగకండి, ఆగకండి. బట్ట మడతలన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి."

"రోజూ ఇలాగే పట్టేస్తుందా నీకు?"

"నడవండి ముందు."

ఆయన బుట్ట సర్దుకుని నడిచాడు. నాలుగు రోజులు అలాగే గడిచాయి. మట్టి తొక్కాడు, అందులో రాళ్ళు వదిలేసి తిట్లు తిన్నాడు, గుడ్డలు తడిపాడు. అన్నం ఒకసారి మాడింది, ఒకసారి పలుకుగా దిగింది. అందరూ తిన్నారు. చివరి రోజు పీఠం మీద పేరు రాసే మేకు తెచ్చి, అలవాటు కొద్దీ తనే వంగి మొదటి అక్షరం గీశాడు. గీశాక చెయ్యి ఆగిపోయింది.

"అది చెరిపేయండి" అంది ఆమె, గొంతు పెంచకుండా.

చెరపడానికి లావు బొటనవేలు బాగా పనికొచ్చింది. ఆమె మేకు అందుకుని తన పేరు రాసింది. తడబడకుండా, పెద్ద అక్షరాలతో రాసింది.

ఆరో రోజు పొద్దున ఇంజినీరు షెడ్డు తలుపు తోసుకుని లోపలికి వస్తూనే చటుక్కున పక్కకి తప్పుకున్నాడు. గుమ్మానికి ఎదురుగా బుట్టతో ఒకావిడ వస్తోంది మరి. దారి ఇచ్చాక గానీ అది మట్టి అని తెలియలేదు. సిగ్గుపడి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ చూశాడు. ఆ బొమ్మలో ఎగిరేది ఏదీ లేదు. జుట్టు ముడి వేసి ఉంది. బట్ట ముందు కాలికి అతుక్కుని, వెనక మడమ దగ్గర కాస్త ఆలస్యంగా వస్తోంది. అంతే.

"ఈ పేరెవరిది?" అన్నాడు పీఠం మీదికి వంగి.

"మా కోడలిది" అంది అత్తగారు, అడిగింది తననే అన్నట్టు.

"మరి మాస్టారు?"

"నేను నడిచానండీ" అన్నాడు శిల్పి.

ఇంజినీరుకి అర్థం కాలేదు గానీ నవ్వాడు. అందరూ నవ్వారు. శిల్పి కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా. వెళ్ళబోతూ ఇంజినీరు ఆగి, పార్కులో పరిగెత్తే పిల్లల బొమ్మ ఒకటి కావాలి, ఎప్పుడు మొదలుపెడతారు మాస్టారూ అని అడిగాడు. శిల్పి పెళ్ళాం వైపు చూశాడు.

"ముందు పిల్లల్ని చూడాలండీ" అందామె. "వారం రోజులు పొద్దున్నే పార్కులో కూర్చుంటాను. మొదలుపెట్టేది ఎప్పుడో ఆ తర్వాత చెప్తాను."

"మరి ఇల్లు?" అన్నాడు శిల్పి.

"ఇల్లెక్కడికి పోతుందిరా? నువ్వున్నావుగా" అంది అత్తగారు.

మర్నాడు పొద్దున ఆమె పార్కులో చెట్టు కింద బల్ల మీద కూర్చుంది. ఒళ్ళో గుడ్డలో చుట్టిన మట్టి ముద్ద. పిల్లలు అప్పుడే వచ్చి తరుముకుంటున్నారు. ఒక పిల్ల కేకలు పెడుతూ ఆమె ముందు నుంచే దూసుకుపోయింది. ఆమె చూసింది. మళ్ళీ అటు నుంచి వస్తుంటే ఇంకా జాగ్రత్తగా చూసింది. నడకలో ఒక కాలయినా నేల మీద ఉంటుంది. పరుగులో ఒక్క క్షణం రెండు కాళ్ళూ గాల్లోనే ఉన్నాయి, నేలని తాకింది ఏదీ లేదు. మరి ఊచ ఎక్కడి నుంచి పెట్టాలి? ఎలా నిలుస్తుంది ఈ పిల్ల? ఆమెకి ఏమీ తోచలేదు. ఏమీ తోచకపోవడం ఇంత హాయిగా ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు. ఇది పూర్తిగా తన చిక్కు. గుడ్డ విప్పి, మట్టి చేతిలోకి తీసుకుంది.