నాలుగు సెకన్లు

గిన్నెలు తోమి చేతులు తుడుచుకుని ఆమె మళ్ళీ నడక మొదలుపెట్టింది. పొయ్యి దగ్గర్నుంచి గుమ్మం దాకా, బరువుగా, పిల్ల ఏనుగులా. చేతిలో స్టాప్‌వాచ్. సెలవులకు టీవీలో వేసే కార్టూన్ సినిమాలకు ఆమె సంగీతం రాసే పద్ధతి అది. ముందు బొమ్మ నడిచినట్టు తను నడవాలి, తర్వాతే కాగితం మీద స్వరం.

"నేల కుంగిపోతుందే తల్లీ," అని నవ్వింది అత్తగారు. "వాడక్కడ రికార్డింగుల్లో కష్టపడుతుంటే నీకు ఆటలు!"

పదకొండేళ్ళుగా తెర మీద 'సంగీతం' అన్నచోట పడేది భర్త పేరే. అతను చెడ్డవాడు కాదు. కంపెనీల చుట్టూ తిరుగుతాడు, వాద్యబృందాన్ని నడుపుతాడు, ఆమెకు జ్వరమొస్తే పక్కనే కూర్చుంటాడు. ఒకసారి పేరు సంగతి అడిగితే, "మన మధ్య నీదీ నాదీ ఏమిటే?" అన్నాడు. ఎంత ప్రేమగా అన్నాడంటే, అడిగినందుకు ఆమే సిగ్గుపడింది. ఆ 'మన'లో తనెక్కడుందో వెతుక్కోవడం మాత్రం అప్పట్నుంచీ మానలేదు.

రికార్డింగ్ రోజు అతను మరిచిపోయిన కళ్ళజోడు ఇవ్వడానికి స్టూడియోకి వెళ్ళి, వెనక కుర్చీలో కూర్చుంది. తెర మీద పిల్ల ఏనుగు జబ్బుపడ్డ తల్లి దగ్గరకొచ్చి ఆగింది. అక్కడ ఆమె నాలుగు సెకన్లు ఏమీ రాయలేదు. ఇప్పుడక్కడ వయొలిన్లు బావురుమంటున్నాయి. ఆమె మరిచిపోయిందనుకుని అతనే నింపేశాడు.

ముసలి వయొలిన్ ఆయన కమాను దించాడు. "ఇక్కడ మా గోల ఎందుకు సార్?"

"ఖాళీగా ఉంటే బావుండదని..." భర్త నసిగాడు.

తనకే తెలియకుండా ఆమె లేచి నిలబడింది. "ఖాళీ కాదండీ. తల్లి ఊపిరి ఆడుతోందా అని బిడ్డ వింటోంది. మనం వాయిస్తే దానికెలా వినిపిస్తుంది?"

వయొలిన్లు ఆపి ఆ సీను మళ్ళీ నడిపించారు. ఆ నాలుగు సెకన్లూ ఎవరూ కదల్లేదు. డైరెక్టర్ ముక్కు చీదుకుని భర్త భుజం తట్టాడు. "నువ్వు రాసింది మీ ఆవిడకి భలే అర్థమైందయ్యా!"

భర్త నవ్వి కాగితాలు సర్దుకున్నాడు.

వీధిలోకి వచ్చాక, "నిజం చెప్పేద్దామనే అనుకున్నాను," అన్నాడు. ఆ గొంతులో బాధ నిజమైనదే. "వచ్చేసారి నీ పేరు కూడా వేయిద్దాం. కింద, చిన్నగా."

ఆమె ఆగింది. మడత పడ్డ అతని కాలరు సరిచేసింది.

"ఈ సినిమాకి పేర్లు ఇంకా రాయలేదట. ఎవరి పేరు రాయాలో లోపలికెళ్ళి చెప్పొస్తాను. మీరొస్తే రండి, లేకపోతే ఇక్కడే ఉండండి."